ఊరు వెలియకముందే పడిన దారి

మూడో స్థానం కోసం ఆడే మ్యాచ్ మీద ఎవరికీ పెద్దగా మోజు ఉండదు. సెమీస్‌లో ఓడిన రెండు జట్లు ముఖం వేలాడేసుకుని ఆడే ఆట అది. 1991 జూన్‌లో జపాన్‌లోని ఫుకువోకాలో మాత్రం కథ తిరగబడింది. ఫైనల్లో చైనా 5-0తో జపాన్‌ను చిత్తుచేసింది గానీ, ఆ రెండు జట్లకూ కావలసింది అప్పటికే దక్కింది. ఊపిరి బిగబట్టి చూడాల్సిన మ్యాచ్ మూడో స్థానానిదే. చైనీస్ తైపీ పేరుతో ఆడే తైవాన్, ఉత్తర కొరియా ఒక్క గోలైనా లేకుండా ఆట ముగించాయి. పెనాల్టీ షూటౌట్‌లో 5-4తో తైవాన్ గట్టెక్కింది. ఆ ఒక్క కిక్కు తేడాతో, నవంబరులో చైనాలో జరగబోయే మొట్టమొదటి మహిళల ప్రపంచకప్‌కు ఆసియా నుంచి వెళ్లే మూడో జట్టు ఖరారైంది.

ఆసియా మహిళల టోర్నీ ప్రపంచకప్‌కు క్వాలిఫయింగ్ పోటీ కావడం అదే మొదలు. టోర్నీకి మాత్రం అది ఎనిమిదో విడత. అంటే ఎక్కడికి అర్హత సాధించాలో తెలియకుండానే, అసలు అలాంటి చోటంటూ ఒకటి లేకుండానే ఆసియా అమ్మాయిలు పదహారేళ్లు ఈ పోటీ ఆడారు. ఊరు వెలియకముందే దారి పడిపోయిందన్నమాట. పైగా ఆ దారి వేసింది ఫిఫా కాదు, ఏఎఫ్‌సీ కూడా కాదు.

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఎఫ్‌సీ, 1954లోనే పుట్టింది. మగవాళ్లకు ఆసియా కప్ రెండేళ్లలోనే మొదలుపెట్టింది. ఆడవాళ్ల ఊసు లేదు. అయితే అప్పట్లో ఈ విషయంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లని చెప్పుకునే ఇంగ్లండ్‌లోనే, 1921లో ఆడవాళ్లను క్లబ్ మైదానాల్లో అడుగుపెట్టనివ్వొద్దని ఫుట్‌బాల్ సంఘం తీర్మానించింది. యాభై ఏళ్లకు గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఆ నిషేధం ఇంకా అమల్లో ఉండగానే, 1968లో హాంకాంగ్, మలేసియా, సింగపూర్, తైవాన్‌లు కలిసి ఆసియా మహిళల ఫుట్‌బాల్ సమాఖ్యను పెట్టుకున్నాయి. హాంకాంగ్‌కు చెందిన వెరోనికా చియూ దానికి అధ్యక్షురాలై చాలాకాలం నడిపించారు. 1975లో ఆ సమాఖ్య హాంకాంగ్‌లో తొలి టోర్నీ పెట్టింది. ఆరు జట్లు వచ్చాయి. అందులో అప్పటికి ఆసియాతో సంబంధం లేని న్యూజిలాండ్, ఆస్ట్రేలియా కూడా ఉన్నాయి. పిలుపు వచ్చాకే న్యూజిలాండ్ హడావుడిగా జాతీయ జట్టును కూర్చుకుంది. ఆ దేశపు అమ్మాయిల మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఈ టోర్నీలోదే. అలా వచ్చిన జట్టు ఫైనల్లో థాయ్‌లాండ్‌ను 3-1తో ఓడించి కప్పు పట్టుకెళ్లింది! ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది సిడ్నీలోని ఒకే క్లబ్ అమ్మాయిలు. సొంత దేశం వాళ్లను దశాబ్దాల పాటు అధికారిక జాతీయ జట్టుగా లెక్కలోకే తీసుకోలేదు.

ఈ కథలో తైవాన్‌ది విచిత్రమైన పాత్ర. 1974లో ఏఎఫ్‌సీ చైనాను చేర్చుకుని తైవాన్‌ను బయటకు సాగనంపింది. మగవాళ్ల జట్టు ఎక్కడికో ఓషియానియా గ్రూపులో చేరి ఆడుకోవాల్సి వచ్చింది. మహిళల సమాఖ్య మాత్రం ఏఎఫ్‌సీది కాదు కాబట్టి తైవాన్ అమ్మాయిలకు తలుపు మూసుకుపోలేదు. 1977, 1980, 1981 టోర్నీలు మూడూ వరుసగా వాళ్లే గెలిచారు. అధికార సంస్థకు బయట ఉండటం వల్ల ఈ టోర్నీకి డబ్బు, పరపతి లేకపోయి ఉండవచ్చు; రాజకీయం వెలేసిన జట్టుకు చోటు దొరికింది కూడా అందువల్లే.

మనకూ అంతే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్‌ఎఫ్, మహిళల ఆటను పట్టించుకోని రోజుల్లో, 1975లో లక్నోలో జియా ఉల్ హక్ బారీ భారత మహిళల ఫుట్‌బాల్ సమాఖ్యను మొదలుపెట్టారు. ఏఐఎఫ్‌ఎఫ్ ముద్ర లేకపోయినా ఆ జట్టు ఆసియా వేదికెక్కింది. 1980 జనవరిలో టోర్నీ ఏకంగా కోళికోడ్‌కే వచ్చింది. ఆతిథ్య దేశం కదా అని ఇండియా ఎస్, ఇండియా ఎన్ పేర్లతో రెండు జట్లను దించారు. వాటిలో ఇండియా ఎస్ ఫైనల్ దాకా వెళ్లి 2-0తో తైవాన్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో మనది మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్; ఈసారి థాయ్‌లాండ్ 3-0తో గెలిచింది. అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్న శాంతి మల్లిక్, ఆ గౌరవం పొందిన తొలి మహిళా ఫుట్‌బాలర్. నాలుగేళ్లలోపే రెండు ఆసియా ఫైనల్స్ ఆడిన దేశం మనదని ఈనాటి క్రికెట్ అభిమానికి చెబితే నమ్ముతాడా?

1986లో రెండు సంగతులు జరిగాయి. మెక్సికోలో జరిగిన ఫిఫా కాంగ్రెస్‌లో నార్వే ప్రతినిధి ఎలెన్ విలే లేచి, ఆడవాళ్లకూ ప్రపంచకప్ కావాలని అడిగారు. ఆ సభలో మాట్లాడిన మొదటి మహిళ ఆమే. ఫిఫా వెంటనే ఒప్పేసుకోలేదు. ముందు ఒక ట్రయల్ వేసి చూద్దామని 1988లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పన్నెండు జట్లతో ఆహ్వాన టోర్నీ జరిపింది. స్వీడన్‌పై 1-0తో నార్వే గెలిచింది. అది విజయవంతమయ్యాకే ప్రపంచకప్ ఖాయమైంది. అప్పుడు కూడా మ్యాచ్‌ను తొంభై నిమిషాలకు బదులు ఎనభై నిమిషాలే పెట్టారు. ఆడవాళ్లు ఆ చివరి పది నిమిషాలు తట్టుకోలేరని కాబోలు!

అదే 1986లో ఏఎఫ్‌సీ మహిళల సమాఖ్యను తనలో కలిపేసుకుంది. ఆ ఏడాదే మొదటిసారి బరిలోకి వచ్చిన చైనా కప్పు గెలిచి, 1999 దాకా మరెవరికీ వదల్లేదు. కలిసిపోవడంతో టోర్నీకి అధికార ముద్ర పడింది, ఫుకువోకా సాధ్యమైంది. మన అమ్మాయిలకే అది కలిసిరాలేదు. ఏఎఫ్‌సీ దృష్టిలో భారత్ అంటే ఏఐఎఫ్‌ఎఫే. ఆ సంస్థ మహిళల ఆటను చేతుల్లోకి తీసుకునేసరికి 1990లు వచ్చేశాయి. 1986, 1989, 1991 టోర్నీల్లో భారత్ పేరే లేదు. ప్రపంచకప్ తలుపు తెరిచిన రోజున, అంతకుముందు రెండుసార్లు రన్నరప్‌గా నిలిచిన మనం కనీసం వరసలోనైనా లేము.

తైవాన్ ఉంది. ఫుకువోకాలో చచ్చీచెడీ సంపాదించిన ఆ టికెట్‌ను వాళ్లు ఊరికే పోనివ్వలేదు. నవంబరులో నైజీరియాతో మ్యాచ్. ఓడితే ఇంటికే. ఆరో నిమిషంలోనే గోల్‌కీపర్‌కు రెడ్‌కార్డు. మిగిలిన పదిమందితో దాదాపు మ్యాచంతా ఆడి, 2-0తో గెలిచి క్వార్టర్‌ఫైనల్‌కు చేరారు.

తర్వాత టోర్నీ పెరిగింది. అందులో ఆడటానికే వేరే క్వాలిఫయింగ్ గెలవాల్సినంతగా పెరిగింది. 2022లో ఆతిథ్య జట్టుగా మనకు నేరుగా చోటు దొరికితే, జట్టులో కొవిడ్ పాకి, చైనీస్ తైపీతో మ్యాచ్‌కు ఆడేవాళ్లే చాలక మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది.

2025 జూన్, జులైల్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో మళ్లీ క్వాలిఫయింగ్. మంగోలియాపై 13-0, అందులో రెండు గోల్స్ నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యవి. తూర్పు తిమోర్‌పై 4-0, ఇరాక్‌పై 5-0. ఇక మిగిలింది థాయ్‌లాండ్. ప్రపంచకప్ రెండుసార్లు ఆడిన జట్టు, పైగా వాళ్ల గడ్డ. గ్రూపు నుంచి ముందుకెళ్లేది ఒక్కరే. మిడ్‌ఫీల్డర్ సంగీతా బస్‌ఫోర్ తొలి సగంలోనే గోల్ కొట్టింది. విరామం తర్వాత ఆట మొదలైందో లేదో థాయ్‌లాండ్ సమం చేసింది. 74వ నిమిషంలో మళ్లీ సంగీతే. 2-1. అర్హత పోటీలు గెలిచి భారత్ ఆసియా కప్‌కు వెళ్లడం ఇదే మొదటిసారి.

2026 మార్చిలో ఆస్ట్రేలియాలో టోర్నీ. పన్నెండు జట్లు, 2027 బ్రెజిల్ ప్రపంచకప్‌కు నేరుగా ఆరు టికెట్లు, ప్లేఆఫ్ ఆడే అవకాశం మరో రెండింటికి. డ్రాలో మనకు పడింది జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్న గ్రూపు.