ఓటు క్లబ్బుది, ఆట పిల్లలది

జహీరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ టీమ్‌లో బౌలింగ్ చేసేవాణ్ణి. లీగ్ ఆడాలంటే వంద కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో ఏదో క్లబ్బు చేర్చుకోవాలి. ఒక క్లబ్బాయన నా బౌలింగ్ చూడకముందే "ఎంతిస్తవ్?" అన్నాడు. సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశా.

అది ఒక్కడి కక్కుర్తి అనుకున్నా చాన్నాళ్లు. 2023లో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ వ్యవహారాలు తవ్వాకగానీ అసలు సంగతి తెలియలేదు. కొద్దిమంది చేతుల్లో, వాళ్ల కుటుంబాల చేతుల్లో బోలెడన్ని క్లబ్బులు. క్లబ్బుకో ఓటు. 57 క్లబ్బులను ఆయన ఎన్నికలకు దూరం పెట్టారు. ఓట్ల కోసం నడిపే క్లబ్బులో పదకొండో చోటుకి రేటు కట్టరా మరి!

ఆ అక్టోబరులో ఎన్నికలైతే అయ్యాయి. మా ఊరి పిల్లలు ఇప్పటికీ తెల్లారుజామున అదే బస్సెక్కుతున్నారు, కిట్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని.