హ్యాంగయ్యే సిస్టమ్: ఒక రిపేరు విద్య పుట్టుపూర్వోత్తరాలు

కొత్త భాగం బిగించిన తర్వాత కంప్యూటర్ పని మధ్యలో బిగుసుకుపోతే తెలుగునాట ‘సిస్టమ్ హ్యాంగవుతోంది’ అంటారు. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, తెర మీద ఉన్నది ఉన్నట్టే నిలిచిపోతుంది. ర్యామ్ పెంచినా, హార్డ్ డిస్క్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు వేసినా ఈ జబ్బు రావచ్చు. నింద కొత్త భాగం మీద పడుతుంది గానీ, చాలాసార్లు లోపం దాని భారం మోయలేని పాత భాగంలో ఉంటుంది. ఈ సంగతిని ఒక్కో తరం యంత్రం ఒక్కో రకంగా మెకానిక్కులకు నేర్పింది.

మొదట్లో ఈ సమస్య వాడేవారిది కాదు. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. అలాంటి యంత్రానికి భాగాలు చేర్చడం, చెడితే బాగుచేయడం తయారీ సంస్థ ఇంజినీర్ల పని. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. మూత తీసి ఎవరైనా కార్డు గుచ్చుకునేలా దానిలో స్లాట్లు ఉండేవి. 1984 నవంబరులో భారత ప్రభుత్వం తెచ్చిన కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలు తగ్గించడంతో విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే ‘అసెంబుల్డ్’ వ్యాపారం మొదలైంది. తర్వాతి కాలంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఆ వ్యాపారానికి పెద్ద బజారైంది.

తాండవ నది ఒడ్డున, తునికి ఎదురుగా ఉన్న పాయకరావుపేట వంటి ఊళ్లకు డెస్క్‌టాప్‌లు డీటీపీ సెంటర్ల రూపంలో, ఆపై నెట్ సెంటర్ల రూపంలో చేరాయి. ఇలాంటి చోట రిపేరు నగరంలో కన్నా కష్టం. పెద్ద బజారులో ఒక ర్యామ్ మీద అనుమానం వస్తే పక్క కొట్టు నుంచి మరొకటి తెచ్చి పెట్టి చూడవచ్చు. చిన్న ఊళ్లో ఆ భాగం పార్సిల్‌లో వచ్చేదాకా ఆగాలి. అందుకే ఉన్నవాటితోనే లోపం తేల్చే నేర్పు ఇక్కడ ఎక్కువ కావాలి.

తొంభైల నాటి హ్యాంగ్‌కు ఒక ముఖ్య కారణం ఐఆర్‌క్యూ తగాదా. ప్రతి కార్డూ ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక లైను వాడుకుంటుంది. ఒకే లైను మీద రెండు కార్డులు కూర్చుంటే యంత్రం బిగుసుకుపోయేది. సీరియల్ మౌస్ కామ్-1 మీద 4వ లైను వాడేది. కొత్తగా కొన్న ఇంటర్నల్ మోడెమ్‌ను కామ్-3 మీద పెడితే అదీ 4వ లైనే. మోడెమ్ నంబరు డయల్ చేయగానే మౌస్ బాణం ఆగిపోయేది. మోడెమ్‌లోనూ మౌస్‌లోనూ ఏ దోషమూ ఉండదు. కార్డు మీది జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) మార్చి వేరే లైను ఇస్తే సరిపోయేది. 1995 ఆగస్టులో విండోస్ 95 కార్డులకు లైన్లు తానే కేటాయించే ప్లగ్ అండ్ ప్లేతో వచ్చాక ఈ బాధ క్రమంగా తగ్గింది.

ఆ తరువాతి గండం హార్డ్ డిస్క్ పరిమాణం. బయోస్ అంటే కంప్యూటర్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్. 1999కి ముందరి అవార్డ్ బయోస్‌లు చాలావాటికి సుమారు 32 గిగాబైట్లు దాటిన డిస్క్‌ను గుర్తించడం చేతకాదు. 40 గిగాబైట్ల డిస్క్ తగిలిస్తే విండోస్ మొదలుకాకముందే, డిస్క్‌ను గుర్తించే దశలోనే కంప్యూటర్ ఆగిపోయేది. కొనుగోలుదారు డిస్క్ పాడైందని తిప్పి పంపేవాడు. మందు రెండు రకాలు: బయోస్‌ను కొత్తది చేయడం, లేదా డిస్క్ వెనుక ఉన్న జంపర్‌తో దాని పరిమాణాన్ని 32 గిగాబైట్లుగా చూపించడం. రెండోది పనిచేసేది గానీ మిగతా జాగా అక్కరకు వచ్చేది కాదు.

విద్యుత్ సరఫరా కథ ఇంతకంటే పెద్దది, ఇప్పటికీ ముగియనిది. తొలి ఐబీఎం పీసీకి ఉన్నది 63.5 వాట్ల సరఫరా. 2000 నవంబరులో పెంటియం 4 వచ్చినప్పుడు ప్రాసెసర్ కోసమే 12 వోల్టుల ప్రత్యేక నాలుగు పిన్నుల తీగ అవసరమైంది. మన బజారులో క్యాబినెట్‌తో కలిపి వచ్చే చవక ఎస్ఎంపీఎస్‌ల (విద్యుత్ సరఫరా పెట్టెల) మీద రాసి ఉండే వాట్లను నమ్మడానికి లేదు. గ్రాఫిక్స్ కార్డు వేశాక ఆటలోనో వీడియో పనిలోనో బరువు పెరగగానే వోల్టేజి జారి, యంత్రం ఆగిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. కొత్త కార్డుకు వేలు పోసి ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయడం తెలుగునాట అప్‌గ్రేడ్‌లలో కనిపించే పెద్ద పొరపాటు. 2000 తర్వాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్ల బెడద దీనికి తోడైంది. ప్రపంచమంతటా లక్షల మదర్‌బోర్డుల మీద అవి పైన ఉబ్బి కారిపోయాయి. మూత తీసి వాటి తలలు చూడటం అప్పటి నుంచి మెకానిక్ మొదటి పరీక్షల్లో చేరింది.

ర్యామ్ సంగతికి వస్తే, వేర్వేరు వేగాల కడ్డీలను కలపడం హ్యాంగ్‌కు ఒక కారణం, మురికిపట్టిన అంచులు మరొకటి. సముద్రపు ఉప్పుగాలి తగిలే పాయకరావుపేట ప్రాంతంలో రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ అంచులు రుద్ది మళ్లీ గుచ్చడం రిపేరు కొట్లలో పాత అలవాటు, చాలాసార్లు ఫలించేది కూడా. అయినా కడ్డీ లోపలి చెడును రబ్బరు పోగొట్టదు. దానికి 1994లో క్రిస్ బ్రాడీ రాసిన మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపాలి.

ఈ అనుభవాల నుంచి స్థిరపడిన పద్ధతి సరళమే. కొత్త భాగం తీసి చూస్తారు. హ్యాంగ్ పోతే, అదే భాగాన్ని వేరే యంత్రంలో పరీక్షిస్తారు. పోకపోతే ఒక ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్ మాత్రమే ఉంచి, ఒక్కొక్కటీ తిరిగి చేరుస్తారు. ఒకేసారి రెండు మార్చితే ఏది దోషో తేలదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆగుతోందా, పని మీద ఉన్నప్పుడా అన్నది ముందే కనుక్కోవడం సగం శ్రమ తగ్గిస్తుంది. ముందే ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనడం మంచి పద్ధతి కాదు. దానితో దత్తాంశం పోవచ్చు, వోల్టేజి లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

కొత్త భాగమే దోషిగా తేలిన ఘటనలూ లేకపోలేదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి వల్ల అస్థిరపడుతున్నాయని ఆ సంస్థ 2024లో ఒప్పుకుని, వారంటీని రెండేళ్లు పెంచి, బయోస్ ద్వారా చేరే మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. అప్పటికే జరిగిన నష్టాన్ని అవి పూడ్చలేవు. ఆ ప్రాసెసర్లు కొన్నవారు హ్యాంగ్ మొదలయ్యేదాకా ఆగకుండా ముందే బయోస్‌ను కొత్తది చేయించుకోవాలి.