మూడో పిన్ను పీకేయకండి: స్పీకర్లో వచ్చే మోత వెనక కథ

హోమ్ థియేటర్ ఆన్ చేయగానే, పాట ఇంకా మొదలవకముందే స్పీకర్లలో సన్నగా "గుయ్" అని మోత వస్తుంది కదా. అది పోవాలంటే మెయిన్ బోర్డు నుంచి ఆంప్లిఫయర్‌కి విడిగా లైను లాగించాలని చెప్తుంటారు. ఇదేదో కొత్త ఆడియో పిచ్చి అనుకుంటాం గానీ, విడి లైను అనే ఆలోచన చాలా పాతది.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ కరెంటు సప్లై మొదలుపెట్టాడు. అది బల్బుల కోసం. తర్వాత ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు వచ్చాక జనం బల్బు తీసేసి ఆ హోల్డర్‌కే వాటిని తగిలించేవాళ్లు. మన పాత ఇళ్లలో హోల్డర్‌కి పెట్టే ప్లగ్ అడాప్టర్ చూశారా? అదే వరస. బల్బు కోసం వేసిన సన్న వైరు మీద ఇస్త్రీపెట్టె నడిపితే వైరు కాలిపోదా మరి! అందుకే లైట్లకి ఒక సర్క్యూట్, పవర్‌కి ఇంకోటి అని విడదీయాల్సి వచ్చింది.

మన దగ్గరికి అది బ్రిటిష్ వాళ్ల ప్లగ్గులతో వచ్చింది. వాళ్ల 1934 నాటి బీఎస్ 546 ప్రమాణంలో గుండ్రటి పిన్నులు. చిన్నది 5 ఆంపియర్లు, పెద్దది 15. 1947లో వాళ్లు చదరపు పిన్నుల ప్రమాణం తెచ్చుకున్నారు. మనల్ని వదిలి వెళ్లిన ఏడాదే వాళ్ల ప్లగ్గు మారింది, మనకి మాత్రం గుండ్రటిదే మిగిలింది. తమాషా కదా! ఇప్పుడు మన సాకెట్ల మీద 6, 16 అని ఉంటుంది, అంతే.

సరే, ఆంప్లిఫయర్ సంగతి. 230 వోల్టులు, 16 ఆంపియర్లు అంటే 3,680 వాట్లు. ఇంట్లో వాడే ఆంప్లిఫయర్ మామూలుగా అందులో ఐదో వంతు కూడా లాగదు. అంటే ఇక్కడ విడి లైను లోడు కోసం కాదు, ఎర్త్ కోసం. ఆంప్లిఫయర్ ఒక గోడ సాకెట్లో, కంప్యూటర్ ఇంకో గోడ సాకెట్లో పెట్టి మధ్యలో ఆడియో కేబుల్ కలిపితే, రెండు ఎర్త్ వైర్లూ ఆ కేబులూ కలిసి ఒక పెద్ద చుట్టు అవుతుంది. అందులో తిరిగే చిన్న కరెంటే స్పీకర్లో 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే.

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. మోత పోవాలని కొందరు పైనుండే లావు పిన్ను విరిచేస్తారు, లేదా టూ పిన్ అడాప్టర్ పెడతారు. మోత నిజంగానే పోతుంది, అందుకే ఈ చిట్కా ఇంకా బతికుంది. కానీ ఎప్పుడైనా లోపల ఇన్సులేషన్ పాడై ఫేజ్ ఇనుప బాడీకి తగిలిందనుకోండి. కరెంటు పోవడానికి దారి ఉండదు, ఎంసీబీ పడదు. ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

కాబట్టి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, "అన్నా, ఒక లైను వెయ్యి" అని వదిలెయ్యకండి. సొంత ఎంసీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సిస్టమ్ సాకెట్లన్నీ ఆ ఒక్క లైను మీదే. న్యూట్రల్ పక్క గది బోర్డు నుంచి లాగొద్దని చెప్పండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. ఆడియోకని పెరట్లో వేరే ఎర్త్ గుంత తవ్వించి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు, అది మీ ఆంప్లిఫయర్ గుండానే పోతుంది.

ఇంత చేసినా మోత ఉంటే, కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆ వైరుకి ఒక ఐసోలేటర్ పెట్టించుకుంటే సరి.