కంప్యూటర్ భాగములకు పొంతన కుదిరిన విధము

ఒక దుకాణములో కొన్న బోల్టుకు మరియొక ఊరిలో కొన్న నట్టు బిగియుటలో నేడు ఎవ్వరికిని వింత తోచదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఆంగ్లేయుడు మర చుట్లకు ఒక కొలతను ప్రతిపాదించు వరకు ఒక్కొక్క కర్మాగారపు మర ఒక్కొక్క తీరుగా ఉండెడిది. కంప్యూటరు చరిత్రలోను ఇట్టి దశ ఒకటి గడచినది. అయితే బోల్టుకు కొలత కుదిరిన చాలును. కంప్యూటరు భాగములకు ఆకారము కుదురవలెను, విద్యుత్తు కుదురవలెను, ఆపైన ఒకదాని సంకేతము మరొకదానికి అర్థము కావలెను. ఈ మూడును ఒకేసారి కుదరలేదు.

1975 జనవరిలో అమెరికాలోని ఒక ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము కనిపించినది. విడిభాగములుగా కొని ఇంటిలో కూర్చుకొనదగిన కంప్యూటరు ఇది. దీని కార్డులు 100 విద్యుత్ స్పర్శలు గల స్లాట్లలో నిలుచును. ఇతర కంపెనీలును ఆ స్లాటుకు తగిన కార్డులను చేసి అమ్మసాగినవి. కాని ఆ 100లో కొన్నింటికి మొదట ఏ పనియు నిర్ణయింపబడలేదు. ఒక్కొక్క కంపెనీ వానిని తనకు తోచిన పనికి వాడుకొన్నది. అందుచేత ఒక్కొక్కప్పుడు కార్డు స్లాటులో చక్కగా కూర్చుండెడిది, యంత్రము మాత్రము పనిచేయకుండెడిది. ఈ స్లాటుకు పద్ధతి ప్రకారము ప్రమాణము ఏర్పడునప్పటికి 1983 వచ్చినది. అప్పటికే దాని కాలము దాటిపోయినది.

1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. త్వరగా బజారులోనికి రావలెనను తొందరలో ఆ కంపెనీ ప్రాసెసరును ఇంటెల్ నుండి, ఆపరేటింగ్ సిస్టమును మైక్రోసాఫ్ట్ నుండి తీసికొన్నది. లోపల 5 స్లాట్లు ఉంచి, వాని వివరములను, విద్యుత్ పటములను పుస్తకముగా అచ్చువేసి అమ్మినది. బయోస్ అను ప్రారంభ ప్రోగ్రాము సైతము అందులో అచ్చయినది. అయితే చదువుట వేరు, నకలు చేయుట వేరు. బయోస్‌పై గ్రంథస్వామ్య హక్కు ఐ.బి.ఎం.దే.

ఈ ఒక్క గోడను దాటుటకు 1982లో స్థాపింపబడిన కాంపాక్ కంపెనీ ఒక ఉపాయము పన్నినది. అసలు ప్రోగ్రామును చదివినవారు అది ఏ పనులు చేయునో మాత్రము వ్రాసి ఇచ్చినారు. దానిని ఎన్నడును చూడని వారు ఆ వివరణను బట్టి కొత్త ప్రోగ్రామును వ్రాసినారు. 1984లో ఫీనిక్స్ అను కంపెనీ ఇట్టి బయోస్‌ను కోరినవారికెల్ల అమ్మసాగినది. నాటి పత్రికలు ఒక యంత్రము నిజముగా ఐ.బి.ఎం. యంత్రముతో పొంతన గలదా అని పరీక్షించుటకు లోటస్ 1-2-3 అను లెక్కల ప్రోగ్రామును, విమానము నడుపు ఒక ఆటను వాడెడివి. ఆట అని తేలికగా చూడరాదు. యంత్రములోని మూలమూలలను అది తాకును!

1987 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. తాను తెరచిన తలుపును మూయజూచినది. ఆ సంవత్సరము వచ్చిన పి.ఎస్.2 యంత్రములలో మైక్రో చానెల్ అను కొత్త స్లాటు ఉన్నది. శాస్త్ర దృష్టితో చూచిన అది పాతదానికంటె మేలైనదే. పాత యంత్రములలో కార్డు ప్రాసెసరు దృష్టిని కోరుటకు వాడు తీగలు కొద్ది. రెండు కార్డులు ఒకే తీగను పట్టుకొన్నచో రెండును చెడెడివి. చిన్న మీటలను, జంపర్లను చేతితో మార్చుచు ఈ తగవు తీర్చవలసి వచ్చెడిది. మైక్రో చానెల్‌లో ఆ బాధ లేదు. కాని పాత కార్డు అందులో దూరదు. ఆ స్లాటును వాడదలచిన ఇతర కంపెనీలు ఐ.బి.ఎం.కు రుసుము చెల్లించవలెను.

1988 సెప్టెంబరులో కాంపాక్‌తో కూడ 9 కంపెనీలు ఏకమై ఐసా అను పోటీ స్లాటును ప్రకటించినవి. దాని స్పర్శలు రెండు అంతస్తులుగా ఉండును. పాత కార్డు పై అంతస్తు వద్దనే ఆగిపోవును. కొత్తది లోతుగా దిగి రెండింటిని తాకును. పాతవానిని వదలుకొననక్కరలేని ఈ ఏర్పాటు ఎంతో ముచ్చటైనది. అయినను ఖర్చు ఎక్కువగుటచే అది పెద్ద యంత్రములకే పరిమితమైనది. సామాన్యుల యంత్రములలో చివరకు నిలిచినది 1992లో ఇంటెల్ తెచ్చిన పి.సి.ఐ. స్లాటు.

విద్యుత్తు సంగతి మరింత ప్రమాదకరము. పాత మదర్‌బోర్డులకు కరెంటు రెండు జోడు కనెక్టర్ల ద్వారా వచ్చెడిది. రెండును చూపులకు ఒక్క తీరే. నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన రావలెను. తారుమారైనచో బోర్డు కాలిపోవచ్చును. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము వీనిని 20 స్పర్శలుగల ఒకే కనెక్టరుగా మార్చినది. ఇది తిరగబెట్టిన దూరదు. కాని 1990ల చివర ఒక పెద్ద కంపెనీ అదే ఆకారపు కనెక్టరులో తీగలను వేరు వరుసలో అమర్చినది. ఆ యంత్రములకు బజారులోని పవర్ సప్లై తగిలించినవారికి ఆకారపు పొంతనను నమ్మిన ఫలితము దక్కినది.

మెమరీ కార్డులలో ఈ పొరపాటుకు తావులేదు. డి.డి.ఆర్.2, డి.డి.ఆర్.3 రెండింటికిని 240 స్పర్శలే. కాని మొదటిది 1.8 వోల్టులతోను, రెండవది 1.5 వోల్టులతోను పనిచేయును. అందుచేత అంచునందలి గంటును వేర్వేరు చోట్ల కోసినారు. పాఠశాలలో పాడైన కంప్యూటర్లు ఉన్నచో విద్యార్థులు ఈ గంట్లను పోల్చి చూడవచ్చును.

ప్రాసెసర్ల విషయములో పొంతన పెరుగుటకు బదులు తరిగినది. 1990ల నడుమ సాకెట్ 7 అను ఒకే పీఠముపై ఇంటెల్, ఏ.ఎం.డి., సైరిక్స్ కంపెనీల ప్రాసెసర్లు మూడును నిలిచెడివి. 1997లో ఇంటెల్ పెంటియం 2తో తన సొంత స్లాటుకు మారినది. 1999లో ఏ.ఎం.డి. తన అథ్లాన్‌కు అదే ఆకారపు స్లాటును తలక్రిందుగా అమర్చినది. నాటినుండి ప్రాసెసరును ఎన్నుకొన్నచో మదర్‌బోర్డు జాతి కూడ నిర్ణయమైపోవుచున్నది. పీఠము పేరు ఒకటైనను చాలదు. ఇంటెల్ 1151 పీఠముతో 2015లో వచ్చిన బోర్డులకు, అదే పేరుగల పీఠమునకు 2017 చివర వచ్చిన ప్రాసెసర్లకు పొత్తు లేదు.

ఏ.ఎం.డి. తన ఏ.ఎం.4 పీఠమును అనేక తరములపాటు మార్చలేదు. అక్కడ చిక్కు మరొక రూపమున వచ్చినది. 2018లో కొత్త ప్రాసెసరు కొన్నవారికి, అంగడిలో అంతకుముందే నిలువయున్న బోర్డు దొరికినచో, అందులోని పాత బయోస్ ఆ ప్రాసెసరును గుర్తించెడిది కాదు. బయోస్‌ను మార్చవలెనన్న యంత్రము నడువవలెను. యంత్రము నడువవలెనన్న బయోస్ మారవలెను. అట్టివారికి ఆ కంపెనీ ఒక పాత ప్రాసెసరును ఎరువు ఇచ్చి, పని తీరిన పిమ్మట తిరిగి తీసికొన్నది. ప్రాసెసరు లేకుండనే యు.ఎస్.బి. డ్రైవు నుండి బయోస్‌ను ఎక్కించు బొత్తము గల బోర్డులు నేడు బజారులో దొరకుచున్నవి.