సముద్రము లేని రేవు

షంషాబాదునకు సముద్రము లేదు. అచ్చటనుండి కడలిని జూడ బయలుదేరినవాడు మచిలీబందరు చేరుటకే దారివెంట మూడువందల కిలోమీటర్లకు మించి పోవలసియుండును. అయినను నేడు తెలంగాణమునకు రేవుపట్టణ మేదియని ఎవరైన నన్నడిగినచో షంషాబాదనియే చెప్పుదును. పూర్వము కాకినాడలోను, విశాఖపట్టణములోను, చెన్నపట్టణములోను ఓడ కదలిపోవుచుండగా ఒడ్డున నిలిచి కన్నీరు పెట్టుకొనిన తల్లు లెట్లుండిరో తెలిసికొనగోరువారు, అర్ధరాత్రమున షంషాబాదు విమానాశ్రయమునకు పోయి, లోనికి పోవు ద్వారముకడ ఒక గంటసేపు నిలిచిన చాలును.

ఈ యూరి పూర్వచరిత్ర పెద్దది కాదు. పైగా వంశపు ప్రభువుల షంసుల్ ఉమరా బిరుదమునుబట్టి దీనికీ పేరు కలిగినది. సమీపమున నర్కూడ గ్రామములో అమ్మపల్లి సీతారామాలయము పురాతనమైనది కలదు. 2008వ సంవత్సరము మార్చి 14వ తేదీని ఇచ్చట విమానాశ్రయమునకు ప్రారంభోత్సవము జరిగెను. అదే నెల 23వ తేదీనుండి బేగంపేటకు మారుగా విమానము లిచ్చటికి రాసాగెను. సుమారు 5,500 ఎకరముల నేల దాని క్రిందికి పోయినది. మరుసటి సంవత్సరము మెహిదీపట్నమువైపునుండి పదునొకండు కిలోమీటర్లకు పైగా స్తంభములమీద బాట కట్టిరి. ఇంతవరకు అందరెరిగినదే. నే నచ్చటికి పోయిన పని వేరు.

మా జగిత్యాల ప్రాంతమున గల్ఫునకు మనిషి పోని వాడకట్టు అరుదు. నాయొద్ద ఆరవ తరగతినుండి పదవ తరగతివరకు చదివి ఉత్తీర్ణుడైన యొక బాలుడు, ఇపుడు ఇరువదిమూడేండ్లవాడు, దుబాయికి పోవ నిశ్చయించుకొని, ప్రయాణమునకు రెండు దినములు ముందుగా ఒక కాగితమును దెచ్చి నా చేతిలో పెట్టెను. దానియందు ఒకవైపున అరబ్బీ, మరియొకవైపున ఇంగ్లీషు ఉన్నవి. ఏజెంటు అతనికి చెప్పినది ఆఫీసులో పని. కాగితములో నున్నది గోదాములో సరకు లెత్తుపని. జీతము చెప్పినదానికంటె మూడవవంతు తక్కువ. వీసా చూడగా అది ఉద్యోగపు వీసాయే కాదు, సందర్శకునికిచ్చునది. దానిమీద పోయి పనిచేయుట ఆ దేశపు చట్టమునకు విరుద్ధము. నేనీ మాట చెప్పగా అతడు కొంతసేపు నేలచూపులు చూచి, “సారూ, పైసలు ఇప్పటికే కట్టిన. మూడు రూపాయల మిత్తికి తెచ్చినం. ఇగ పోకుంటె ఎట్ల?” అనెను.

నాకు సిగ్గు కలిగిన దెచ్చటనో చదువరులు గ్రహింతురుగాక. అతనికి ఇంగ్లీషు చెప్పినది నేను. ఆ విషయమున అతనికి వచ్చిన మార్కులు తక్కువవి గావు. అట్టివాడు తన బ్రతుకును నిర్ణయించు ఒక్క పుట చదువలేకపోయెను. ఇంతకంటె విచిత్రమైన దొకటి కలదు. 1983వ సంవత్సరపు వలసల చట్టమును, దాని ననుసరించిన నిబంధనలను బట్టి, పదవ తరగతి గడువని కూలివాడు గల్ఫు దేశములకు పనికి పోవలెనన్న ప్రభుత్వపు వలసరక్షకుని యనుమతి పొందవలెను. ఉత్తీర్ణుడైనవానికి ఆ యనుమతితో పనిలేదు. అతడు తన్ను తాను కాపాడుకొనగలడని చట్టముయొక్క యూహ. కావున మా బాలుని కాగితమును ఏ యధికారియు చూడలేదు. నే నతనిచేత గడింపించిన సర్టిఫికెట్టే అతని రక్షణను తొలగించినది.

కొత్త పట్టణమునకు పోవువాడు ముందుగా ఏమి తెలిసికొనవలెనో మన తెలుగువారిలో నొకరు దాదాపు రెండువందల యేండ్లకు పూర్వమే వ్రాసి చూపిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీని కాశికి బయలుదేరి, మరుసటి యేడు సెప్టెంబరు 3వ తేదీని తిరిగి యిల్లు చేరిరి. దక్షిణమునుండి శ్రీశైలముమీదుగా హైదరాబాదునకు వచ్చిరి. సముద్రపుటొడ్డున పెరిగిన మనిషి రాతికొండల నగరమును జూచుట యది. ఆయన తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపిన వృత్తాంతము 1838లో అచ్చుపడినది. దానిలో దేవాలయముల మహిమ కొంత కలదు. కాని నాకు నచ్చినది వేరొకటి. ఏ మజిలీలో అంగళ్లున్నవో, ఏ యూర నీళ్లు మంచివో, ఎచ్చట దిగుటకు చోటు దొరకునో ఆయన ఓపికతో చెప్పుచు పోయిరి. తన వెనుక వచ్చువానిని మనసునం దుంచుకొని వ్రాసినవా డాయన.

అయితే వీరాస్వామయ్యగారికి పల్లకియు, పరివారమును, చదువును గలవు. ఆయన తరువాత ఏబదియేండ్లలోపల తీరము విడిచి పోయిన తెలుగువారిలో నెక్కువమందికి అవి లేవు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని ట్రూరో యను ఓడ 342 మందితో చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. వారిలో తెలుగువా రనేకులు. చెరకుతోటలలో ఇన్నియేండ్లు పనిచేయుదుమని వ్రాసిన యొడంబడికకు వారు కట్టుబడిరి. అగ్రిమెంటను మాట కూలివారి నోటబడి గిర్మిటు అయినది. చదువుటకు శక్తిలేని కాగితమునకు జనులు పేరొకటి పెట్టుకొని, ఆ పేరుతోనే తమ్ము తాము పిలుచుకొనిరి! తెలంగాణమునుండి బొంబాయికి పోయినవారి సంగతియు నిట్టిదే. ఆ నగరపు కట్టడములలో రాళ్లు మోసిన కామాటీలు మనవారు. కామాటిపుర మను పేటకు పేరు వారినుండియే వచ్చినది. నేడు ఆ పేరు వినగనే లోకులకు స్ఫురించునది వేరు విషయము. రాళ్లు మోసినవారు జ్ఞాపకమునకు రారు.

ఇక రంగము. ఈ సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, షంషాబాదు ద్వారముకడ నేను జూచినదంతయు ఒకప్పుడు రంగమున జరిగినదే. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమైనది. 1869లో సూయజు కాలువ తెరచినపిమ్మట అచ్చటి బియ్యమునకు ఐరోపాలో గిరాకి పెరిగెను. వరికోతలకును, బియ్యపు మిల్లులకును, రేవులో మూటలు మోయుటకును మనుష్యులు కావలసివచ్చిరి. గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి జనులు వేలకొలది పొగయోడల పైతట్టున కూర్చుండి, బంగాళాఖాతము దాటిపోయిరి. అంతకుముందే కోరంగి రేవునుండి పోయినవారిని బట్టి అచ్చట తెలుగువారినందరిని కొరంగీలనిరి. కోరంగి మాత్రము 1789, 1839 సంవత్సరముల యుప్పెనలలో పాడై, ఓడలులేని యూరయ్యెను. పేరు బర్మాలో నిలిచినది. 1931వ సంవత్సరపు జనాభాలెక్కలో రంగము పట్టణపు జనులలో సగమునకు పైగా భారతీయులే.

రంగమునకు పోవుటకు గిర్మిటు లేదు. దానికి బదులు మేస్త్రీ యుండెను. అతడు ఊరికి వచ్చి బయానా యిచ్చును, ఓడ కేవు తానే పెట్టును, రేవులో దింపుకొనును, గది చూపును, పని చూపును, జీతము తన చేతి మీదుగా నిచ్చును. ఇచ్చునపుడు బాకీ పట్టుకొనును. కొత్తవాని కన్నులకు ఆ నగరమున మొదట కనబడునది శ్వేడగోను బంగారు గోపురము. కాని చెవికి వినబడునది మేస్త్రీ మాట యొక్కటే. నాడు కూలివారు ఒకే గదిలో వంతులవారీగా నిద్రించుచుండిరి. పగటిపనివాడు లేచిపోగా రాత్రిపనివాడు వచ్చి అదే చాపపై పరుండును. స్త్రీలు మిక్కిలి తక్కువ. ఇంటికడ భార్యకు పైక మందినదో లేదో తెలియుటకు జాబు వ్రాయించుకొనవలెను. వ్రాయువాడును మేస్త్రీ మనిషియే కావచ్చును.

1930వ సంవత్సరము మే నెలలో రంగము రేవున తెలుగు కూలీలు జీతముకొరకు సమ్మె కట్టిరి. ఓడలవారు బర్మావారిని పనిలోనికి దీసికొనిరి. ఒప్పందము కుదిరి తెలుగువారు తిరిగి రాగా, బర్మావారిని పొమ్మనిరి. 26వ తేదీని మొదలైన కలహమున తెలుగువారు వీధులలో హతులైరి. ఇందు పొరుగువాడు క్రూరుడని చెప్పి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. తాను దిగిన నగరమున ఎవని నోటికూడు ఎవరు తీయుచున్నారో ఆ కొత్తవానికి తెలియదు, తెలుపువాడును లేడు. మేస్త్రీకి తెలియును, చెప్పుట అతనికి లాభము కాదు. పదునొకండేండ్ల తరువాత, 1941 డిసెంబరు 23వ తేదీని జపానువారు రంగముపై బాంబులు వేయగా, లక్షలకొలది భారతీయులు అడవులగుండ నడచి స్వదేశమునకు మరలిరి. దారిలో మరణించిన వారెందరో. ఉత్తరాంధ్రమున రంగము పేరు చెప్పుచు కన్ను తుడుచుకొను ముసలివారిని నా చిన్నతనమున చూచియున్నాను.

దుబాయి కథ మరియొక విధముగా మొదలైనది. ముత్యముల వ్యాపారముతో ఆ తీరము బొంబాయికి దగ్గర చుట్టము. అచ్చట మన రూపాయియే చెల్లుచుండెను. 1959నుండి ఆ ప్రాంతమునకని మన రిజర్వు బ్యాంకు వేరుగా రూపాయి నోట్లు అచ్చువేసెను. 1966లో మన రూపాయి విలువ తగ్గింపబడగా వారు దానిని విడిచిరి. ఆ యేడే దుబాయిలో చమురు బయల్పడినది. 1971 డిసెంబరు 2వ తేదీని ఎమిరేట్ల సమాఖ్య యేర్పడెను. 1973 తరువాత చమురు వెల పెరిగి కట్టడముల పని విరివియైనది. మన రూపాయి వెనుకకు వచ్చినది. మన పిల్లలు ముందుకు పోయిరి. కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాలనుండి పురుషులును, కడప, గోదావరి ప్రాంతములనుండి కువైటు మొదలగు చోట్లకు ఇంటిపనికై స్త్రీలును పోవుచున్నారు. స్త్రీల సంగతి వేరుగా వ్రాయదగినంత యున్నది. ఒక్కమాట మాత్రము చెప్పెదను. పదవ తరగతి చదువని స్త్రీకి ముప్పదియేండ్లు నిండనిదే ఇంటిపనికి అనుమతి నీయకుండుట ప్రభుత్వపు నియమము. దానిచేత పోకలాగలేదు, దొంగదారిని పోకలు మొదలైనవి.

నాటి రాత్రి విమానాశ్రయమున ఆ బాలుని తల్లితో నిలిచితిని. పెట్టెలకు తాడు చుట్టి, నల్లసిరాతో పేరును ఫోను నంబరును పెద్ద అక్షరములతో వ్రాసికొని కొందరు వచ్చిరి. ఆ పేర్లను వ్రాసినది వారు కారు. ఒకడే యందరికిని వ్రాసిపెట్టుచుండెను. తిరిగి వచ్చువారి వాకిలి వేరు. దానికి దూరముగా సరకుల గిడ్డంగివైపు శవపేటికలును వచ్చునని పక్కనున్న యాటోవాడు అడుగకయే నాకు చెప్పెను. ఆ తల్లి వినకుండుటకై నేనామెను మంచినీళ్ల నెపమున ఆవలికి దీసికొనిపోయితిని.

పోవునపుడు అతనికి నేనిచ్చినది మూడు మాటలు. ప్రతి కాగితమును ఫోనులో చిత్రము తీసి తల్లికి పంపవలెను. పాసుపోర్టు దాచెదమని యెవరడిగినను, దానిని యజమానుడు పట్టుకొనరాదని ఆ దేశపు చట్టమే చెప్పుచున్నదని తెలిసికొనవలెను. దిగిన వారములోపల మన దౌత్యకార్యాలయపు చోటు తెలిసికొనవలెను. ఇవి అయిదేండ్లలో నేను చెప్పవలసిన పాఠములు. ద్వారముకడ అయిదు నిమిషములలో చెప్పితిని.

అతనికి ఆరు వారములపిమ్మట ఉద్యోగపు వీసా దొరికినది. కాగితములోని జీతమే యిచ్చుచున్నారు. ఏజెంటు చెప్పినది కాదు. అప్పు సగము తీరినది. ఉండుట సోనాపూరు అను కూలీల వాడలో. పేరునకు బంగారుపురము, గదికి ఎనమండుగురు, మంచముమీద మంచము. అర్ధరాత్రి తలుపు తెరచి బయటికి రాగా కన్నద్దములు చెమర్చినవని, గాలి తడిబట్టవలె ముఖమునకు తగిలినదని మొదటి జాబులో వ్రాసెను. జూను 15నుండి మూడునెలలు మిట్టమధ్యాహ్నము ఎండలో పనిచేయింపరాదను నియమము అచ్చట కలదట. గోదాములో కప్పు క్రింద పనిచేయువానికి అది వర్తింపదట. సముద్రపుటొడ్డున నున్న నగరమునకు పోయినవాడు మూడవ నెలలో గాని సముద్రము చూడలేదు.

గత మాసమున అతడు ఫోనులో ఒక పట్టికను పంపెను. నే నడిగినది కాదు. మా యూరినుండి మరియొకడు బయలుదేరుచున్నాడని విని, వానికొరకు వ్రాసినాడు. త్రాగునీరు ఎచ్చట కొనవలెను, గదికి దగ్గరి తెలుగువారి మెస్సులో నెలకెంత, ఇంటికి పైకము పంపునపుడు ఎచ్చట తరుగు తక్కువ, ఏ కాగితమున ఏ యరబ్బీ మాట యున్న సంతకము పెట్టరాదు. అరబ్బీ మాటలను తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన అర్థము పెట్టినాడు. అక్షరదోషములు నాలుగున్నవి, దిద్దలేదు. దానిని మా పాఠశాల గోడపత్రికలో అంటించితిని. పదవ తరగతి ఇంగ్లీషు గంటలో ఈ వారమునుండి మేము చదువుచున్నది అతడు నా చేతిలో పెట్టిన ఆ కాగితమే. పేరును అంకెలును మాత్రము చెరిపివేసితిని.