రెండు గీతలు: ఫోనుకు కీబోర్డు తగిలించుకున్న కథ

కళ్లు మూసుకుని కంప్యూటర్ కీబోర్డు మీద వేళ్లు తిప్పి చూడండి. ఎఫ్ మీట మీదా, జె మీట మీదా కింది అంచున సన్నటి గీత ఉబ్బెత్తుగా తగులుతుంది. మరే అక్షరానికీ అది లేదు. చూపుడు వేళ్లు ఆ రెండింటి మీద కుదురుకుంటే మిగతా వేళ్లకు వాటి వాటి చోటు తెలిసిపోతుంది. కళ్లకు ఇక పనిలేదు. నేను లోయర్ పరీక్షకు కూర్చున్న రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు మా చేతుల మీద అట్ట కప్పి మరీ ఏ-ఎస్-డి-ఎఫ్ కొట్టించేవారు. తల దించామో, స్కేలు బల్ల మీద ఠపీమనేది.

జేబులో ఫోనుకు ఆ గీతలు లేవు. ఉన్నదల్లా నున్నటి గాజు. ఏ అక్షరం ఎక్కడుందో వేలికి తెలియదు కాబట్టి ప్రతి అక్షరానికీ కన్ను కాపలా కాయాలి. ముప్పై ఏళ్లుగా మనుషులు జేబు యంత్రాలకు మడత కీబోర్డులూ, తొడుగు కీబోర్డులూ, వైరు కీబోర్డులూ తగిలించుకుంటూనే ఉన్నారు. వేగం కోసమని అందరూ అంటారు. ఈ చరిత్రంతా తిరగేస్తే నాకు కనబడేది మాత్రం కంటికి ఆ కాపలా తప్పించాలన్న ఆరాటం.

ఆ ఆరాటం ఫోన్లకన్నా చాలా పాతది. అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ షోల్స్ బృందం తయారుచేసిన టైపు మిషన్‌ను 1873లో తుపాకులు చేసే రెమింగ్టన్ కంపెనీ చేపట్టింది. క్వెర్టీ వరస అక్కణ్నుంచి వచ్చిందే. తొలి మిషన్లలో అచ్చు రోలరు అడుగున పడేది. కొట్టిన వరస పైకి తిరిగొచ్చేదాకా టైపిస్టుకు కనబడేదే కాదు. 1888 జూలై 25న సిన్సినాటి పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు మీటల వంక చూడకుండా కొట్టి లూయీ ట్రాబ్‌ను ఓడించాడు. టచ్ టైపింగుకు పేరు తెచ్చిన పోటీ అది. ఆ విద్యే తర్వాత మన ఊళ్లలో బస్టాండు పక్క మేడగదుల్లో, రెమింగ్టన్, గోద్రెజ్, ఫాసిట్ మిషన్ల టకటకల మధ్య లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లయి గోడకెక్కింది.

జేబు కంప్యూటర్లు చేసినవాళ్లు మొదట కీబోర్డును వదిలించుకోవాలనే చూశారు. 1993లో ఆపిల్ న్యూటన్ చేతిరాత చదువుతానంది. అది చదివిన తీరు అమెరికా కార్టూన్లకు మంచి సరుకైంది. చివరికి ఆ న్యూటన్‌కే ఆపిల్ విడి కీబోర్డు అమ్మింది. 1996లో వచ్చిన పామ్ పైలట్ ఇంకో దారి పట్టింది. మనిషి రాతను తను నేర్చుకునే బదులు, గ్రాఫిటీ అనే తన లిపిని మనిషికే నేర్పింది. జనం నేర్చుకున్నారు. ఫోన్ నంబరు రాసుకోవడానికి సరిపోయింది కానీ, ఉత్తరం రాయాలంటే చేయి లాగేది.

అప్పుడు, 1999లో, థింక్ అవుట్‌సైడ్ అనే కంపెనీ స్టోఅవే కీబోర్డు తెచ్చింది. నాలుగు మడతలు. మూస్తే జేబులో దూరేది. విప్పితే అసలు సైజు మీటలన్నీ కిర్రుమంటూ వరసలో కూర్చునేవి. పైన తొట్టిలో పామ్‌ను నిలబెడితే చాలు, కరెంటు కూడా దాని నుంచే తీసుకునేది. నా లెక్కలో ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా తెలివైన వస్తువు అదే. తర్వాత వచ్చిన మడత కీబోర్డులన్నీ దాని పిల్లలే.

ఫోన్ల వైపు కథ బొటనవేళ్లతో నడిచింది. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ కళ్లజోడు పెట్టెలా తెరుచుకుని లోపల బుల్లి కీబోర్డు చూపించింది. 1999లో బ్లాక్‌బెర్రీ 850 రెండు బొటనవేళ్ల ఆటను ఆఫీసుల్లోకి తెచ్చింది. ఇక్కడ మనం అంకెల మీటల మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఎస్సెమ్మెస్‌లు కుట్టుకుంటున్నాం. ఎస్ కావాలంటే 7ను నాలుగుసార్లు నొక్కాలి. అయినా కాలేజీ కుర్రాళ్లు బల్ల కింద ఫోను పెట్టుకుని లెక్చరరు ముఖంలోకి చూస్తూనే మెసేజ్ కొట్టగలిగేవారు. ఆ 5 అంకె మీద కూడా చిన్న బొడిపె ఉండేది మరి.

ఈ మధ్యలోనే ఒక వింత. 2000 తర్వాతి ఏళ్లలో కొన్ని కంపెనీలు లేజరు కీబోర్డు చూపించాయి. బల్ల మీద ఎర్రటి వెలుగుతో మీటలు పడతాయి, ఆ వెలుగు మీద వేలితో కొట్టడమే. చూడ్డానికి ఇంద్రజాలం. కొడితే మాత్రం ఉత్త బల్ల. వేలికి ఏమీ తగలని కీబోర్డు ఎంత అందంగా ఉన్నా ముచ్చట తీరాక సొరుగులోకే పోయింది.

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపిస్తూ, అప్పటి స్మార్ట్‌ఫోన్ల కింది భాగాన్ని ఆక్రమించిన ప్లాస్టిక్ మీటలనే ముందుగా వేలెత్తి చూపాడు. అవసరం ఉన్నా లేకపోయినా అక్కడే పాతుకుపోయి ఉంటాయన్నది ఆయన వాదన. వాదనలో బలముంది. సినిమా చూసేటప్పుడు మీటలెందుకు? కానీ ఐఫోన్ బయటి కీబోర్డునూ రానివ్వలేదు. 2010లో ఐప్యాడ్ వచ్చాకే, అదే ఏడు జూన్‌లో ఐఓఎస్ 4తో ఐఫోన్‌కు బ్లూటూత్ కీబోర్డు కలిసింది. ఆండ్రాయిడ్ సరిగ్గా తలకిందులు. 2008లో వచ్చిన దాని తొలి ఫోను జీ1కు పక్కకు జారే మీటలే దిక్కు. తెర మీది కీబోర్డు మరుసటి ఏడాది 1.5 వెర్షన్‌తో గానీ రాలేదు. బయటి యూఎస్‌బీ కీబోర్డుకు తలుపు 2011లో 3.1తో తెరుచుకుంది. చేతి పరికరానికి నేరుగా యూఎస్‌బీ వస్తువులు తగిలించే ఓటీజీ ప్రమాణం కాగితాల మీద 2001 నుంచీ ఉన్నదే.

ఇప్పుడు బజార్లో దొరికే చిన్న ఓటీజీ ముక్కతో ఇంట్లో మూలపడ్డ కీబోర్డును ఫోనుకు తగిలించవచ్చు. 2023లో ఐఫోన్ 15 కూడా టైప్-సికి మారడంతో ఆ ముక్క అందరిదీ అయింది. లోపల జరిగేది సులువైన సంగతి. మీట నొక్కితే కీబోర్డు అక్షరం పంపదు, ఒక అంకె పంపుతుంది. ‘ఏ’ మీటకు 4, బీకి 5, సీకి 6, డీకి 7. ఆ అంకె ఏ అక్షరమో తేల్చేది ఫోను.

తెలుగువాడికి మేలూ, కీడూ రెండూ ఇక్కడే ఉన్నాయి. 1991లో భారతీయ లిపుల సంకేతాల పట్టిక ఇస్కీతో పాటు భారతీయ ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఫోనులో ఉంటే, ఏ చైనా కీబోర్డయినా తెలుగు కీబోర్డే. షిఫ్టు పట్టుకుని డీ, తర్వాత సీ, డీ, సీ కొడితే తీగలో వెళ్లేది షిఫ్టు గుర్తుతో 7, ఆపైన 6, 7, 6. తెర మీద పడేది ‘అమ్మ’. అచ్చులు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. ఎఫ్ గీత మీద గుడి, జె గీత మీద ‘ర’. కేలో ‘క’ తెలుగుకే గాక కన్నడానికీ హిందీకీ అక్కడే. కీడు కూడా చెప్పాలి. నా పాత ఫోను తెర మీద చక్కగా తెలుగు చూపించేది. బయటి కీబోర్డు తగిలించగానే ఇంగ్లీషు తప్ప మరోటి ఎరగనట్టు నటించేది. తెలుగు కోసం వైరు పీకేసి మళ్లీ గాజు మీద గోకిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి.

కీబోర్డు తగిలిస్తే ఫోనే కంప్యూటరైపోతుందన్న ఆశతో 2011లో మోటరోలా తన ఏట్రిక్స్ ఫోనుకు ల్యాప్‌టాప్ గుల్లను తెచ్చింది, రెండేళ్లు తిరక్కుండా అది ఊసు లేకుండా పోయింది. 2017లో శాంసంగ్ డెక్స్ ఆ ఆశనే మళ్లీ రాజేసింది. ఇంకో దారిలో టైపో అనే తొడుగు ఐఫోన్‌కు బ్లాక్‌బెర్రీ తరహా మీటలు అతికించి 2014లో ఆ కంపెనీ వేసిన కేసులో కోర్టు నిషేధానికి గురైంది. 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ పాత ఫోన్ల సేవలు ఆగిపోయాయి. మీటల ఫోను పోయిందని అందరూ నిట్టూర్చిన రెండేళ్లకే, 2024 జనవరిలో, క్లిక్స్ అనే మీటల తొడుగును ఐఫోన్ కోసం ప్రకటించారు.

ఈ వరసలో ఎవరూ లెక్కెయ్యని వాళ్లు చూపులేనివారు. 2009లో ఐఫోన్‌కు తెర చదివి వినిపించే వాయిస్ఓవర్ వచ్చింది. ఐఓఎస్ 4తో బ్లూటూత్ బ్రెయిలీ పరికరాలు కలిశాయి. చుక్కల మీటల మీద రాసి, వేలి కింద లేచే చుక్కల్లో ఫోనును చదువుకోవడం వాళ్లకు సాధ్యమైంది. మనకు సౌకర్యమైనది వాళ్లకు దారి.

నాకు ఈ కంటి కాపలా సంగతి అర్థమైంది మాత్రం వంటింట్లో. మా అమ్మ చిన్ననాటి కబుర్లు రాసిపెట్టాలని ఒక వేసవిలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయేది. నేను తల వంచుకుని గాజు మీద వేళ్లు ఆడిస్తుంటే, వింటున్నానో, ఎవరికో మెసేజీలు పెట్టుకుంటున్నానో ఆవిడకు తెలిసేది కాదు. మరుసటి వారం మడత కీబోర్డు తెచ్చి, ఫోనును ఆవకాయ జాడీకి ఆనించాను. వేళ్లు రెండు గీతలూ వెతుక్కుని కుదురుకున్నాయి. నేను అమ్మ ముఖంలోకే చూస్తూ కొట్టాను. ఆ రోజు ఆవిడ పొయ్యి మీద పాలు పొంగేదాకా చెబుతూనే ఉంది.