ఆక్యుపంక్చర్ కోర్సులో చేరే ముందు రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి

పిల్లలను ఆక్యుపంక్చర్ కోర్సులో చేర్పించాలనుకునే ఇళ్లవాళ్లు ఫీజు కట్టే ముందే ఒక సంగతి గమనించాలి. కోర్సు పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్‌తోనే బోర్డు పెట్టి చికిత్స చేసే హక్కు వచ్చేయదు. అది మీరుండే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

తగిన శిక్షణ ఉన్నవారు ఆక్యుపంక్చర్ చేయవచ్చని 2003 నవంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో దీన్ని ప్రత్యేక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. అయితే లైసెన్సు ఇచ్చే పని రాష్ట్ర చట్టాలది. పశ్చిమ బెంగాల్ 1996లోనే చట్టం చేసింది. మహారాష్ట్రలో 2015 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన ఆక్యుపంక్చర్ మండలి ఉంది. షోలాపూర్, ముంబై, భివండీల్లోని మనవాళ్లు ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. చేరబోయే కళాశాలకు మండలి గుర్తింపు ఉందో లేదో మండలినే అడగండి, కళాశాల మాట నమ్మి ఊరుకోవద్దు.

అన్నట్టు, షోలాపూర్‌కూ ఈ విద్యకూ ఒక చుట్టరికం ఉంది. 1938లో చైనాకు వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యుల్లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ షోలాపూర్‌లో పుట్టినవారే. ఆ బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత చైనాలోనే ఆక్యుపంక్చర్ నేర్చుకుని కోల్‌కతాలో మొదలుపెట్టారు.

కర్ణాటక, తమిళనాడుల్లో ఉన్నవారికి నాకు మేలనిపించే దారి ప్రకృతి వైద్య డిగ్రీ, బీఎన్‌వైఎస్. ఇంటర్‌మీడియట్‌లో జీవశాస్త్రం చదివి ఉండాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆక్యుపంక్చర్ అందులో ఒక పాఠ్యాంశం. కాలం ఎక్కువే, కానీ చేతికి వచ్చేది డిగ్రీ.

శిక్షణ ఎంతుండాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో కొలత చెప్పింది. వైద్య డిగ్రీ లేనివారికి 2,500 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు రోగుల దగ్గర, చేతిపని మీద. డిగ్రీ ఉన్న వైద్యులకు పూర్తి శిక్షణ 1,500 గంటలు. వారాంతపు తరగతులను దీని పక్కన పెట్టి చూడండి. ఛాతీ మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడుతుంది. వాడిన సూదినే మళ్లీ వాడితే హెపటైటిస్ బి అంటవచ్చు. అందుకే రోగికి రోగికి కొత్త సూదులు, వాడినవాటికి గుచ్చుకుపోని తెల్ల డబ్బా తప్పనిసరి.

రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా హద్దు ఉంది. ఒక పద్ధతిలో నమోదైనవారు ఇంకో పద్ధతి మందులు రాస్తే అది నకిలీ వైద్యమేనని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక మగ్గం మీద కూర్చుని నడుము పట్టేసిందని వచ్చినవాడికి సూదులు వేయవచ్చు గాని, నొప్పి మాత్రల చీటీ రాయకూడదు.